ఆవగింజంత గుర్తు, దాన్ని తడిమే చేయి

(డిగ్రీ కళాశాలలో సైన్స్ దినోత్సవం నాడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

ముందు బోర్డు మీద ఒక అక్షరం రాస్తాను. ఇది 'ద'. కింద ఈ చిన్న గీత పెడితే 'ధ' అయింది. ముందు వరసలో అమ్మాయీ, ఈ 'ధనం' అనే మాట కొంచెం గట్టిగా చదువు తల్లీ. విన్నారు కదా, 'దనం' అన్నట్టే వినిపించింది. తప్పేం లేదు, ఇంట్లో, బజార్లో మనలో చాలామందిమి అలాగే అంటాం. ఇదే మాట వేదం చదువుకున్న పెద్దాయన చేతికిస్తే, ఆ గీత కనబడగానే ఊపిరి ఒత్తి పలుకుతారు. కాగితం మీద గీత ఇద్దరికీ ఒకటే. దాన్ని పట్టించుకునే నోరు ఉంటేనే ఆ గీతకి పని ఉంటుంది.

మన కణాల్లో ఉన్న డీఎన్‌ఏ మీద కూడా ఇలాంటి గీతలున్నాయి. ఇవాళ నేను చెప్పబోయేది ఆ గీతల గురించి కంటే, వాటిని పట్టించుకునే ప్రొటీన్ల గురించే ఎక్కువ.

డీఎన్‌ఏ అక్షరాలు నాలుగని మీకు తెలుసు. ఎ, టి, జి, సి. ఇందులో సి, అంటే సైటోసిన్, ఒక్కోసారి నెత్తి మీద చిన్న మిథైల్ గుంపు పెట్టుకుంటుంది. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే. మనుషుల్లో ఇది ఎక్కువగా సి పక్కన జి ఉన్న చోట జరుగుతుంది. అలాంటి సి-జి చోట్లు మన జన్యు పదార్థంలో సుమారు 2 కోట్ల 80 లక్షలు. శరీరంలోని మామూలు కణాల్లో వాటిలో 70 నుంచి 80 శాతం దాకా మిథైల్ గుర్తు ఉంటుంది. డీఎన్‌ఏని నకలు తీసే ఎంజైముకి ఈ గుర్తుతో సంబంధం లేదు. దానికి సి అంటే సి, ఎదురుగా జి పెడుతుంది, ముందుకెళ్లిపోతుంది. మన అమ్మాయి 'ధనం' చదివినట్టే. గుర్తు ఉన్నా అక్షరం మారలేదు.

మరి ఎవరికి తెలుస్తుంది? ఎలా తెలుస్తుంది?

ఇందుకోసమే ఈ తాడు తెచ్చాను. రెండు పేటలు కలిపి పురి పెట్టిన కొబ్బరి తాడు. బొటనవేలితో దీన్ని నిమురుతూ పోతే పేటల మధ్య గాడి తగులుతుంది చూడండి. డీఎన్‌ఏ కూడా ఇలాగే పురి తిరిగి ఉంటుంది. తేడా ఏమిటంటే దానిలో గాళ్లు సమానంగా ఉండవు, ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. అక్షరాలు లోపల జతలు కట్టి ఉన్నా, వాటి అంచులు వెడల్పు గాడిలోకి కనబడుతూ ఉంటాయి. మిథైల్ గుంపు సరిగ్గా ఈ వెడల్పు గాడిలోకే పొడుచుకొచ్చి ఉంటుంది. ఇదిగో, ఇక్కడ గాడిలో ఒక ఆవగింజ బంకతో అంటించాను. చివరి వరసలో వాళ్లకి కనబడదు. కానీ కళ్లు మూసుకుని వేలు పెట్టి నిమిరితే దొరుకుతుంది. ప్రొటీన్‌కి కళ్లు లేవు. దానికి ఉన్నదంతా ఈ తడమడమే. ఆకారం సరిపోయిందా, ఎక్కడ హైడ్రోజన్ బంధం పడుతుంది, ఎక్కడ నూనె గుణం ఉంది, ఎక్కడ నీరు నిలిచింది, ఇంతే దానికి తెలిసేది.

ఒక సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది. టి అక్షరానికి, అంటే థైమిన్‌కి, పుట్టుకతోనే మిథైల్ గుంపు ఉంటుంది, అదీ సరిగ్గా అదే స్థానంలో. కాబట్టి వెడల్పు గాడిలోంచి తడిమేవాడికి మిథైల్ పెట్టుకున్న సి కొంత టి లాగా అనిపిస్తుంది.

ఇలాంటి గుర్తులు జన్యువుల్ని అదుపు చేస్తాయేమోనన్న ఆలోచన 1975లో వచ్చింది. రాబిన్ హాలిడే, జాన్ పగ్ ఒక పక్క, ఆర్థర్ రిగ్స్ మరో పక్క, ఎవరికి వారుగా రాశారు. గుర్తుని పట్టుకునే ప్రొటీన్ మాత్రం చాలా ఏళ్లు దొరకలేదు. అది ఎలా దొరికిందో చెప్పాలంటే మీకు ఒక జెల్, అంటే జెల్లీ లాంటి పలక, చూపించాలి. నేను రీసెర్చ్ విద్యార్థిగా ఉన్నప్పుడు అదే పద్ధతి నేర్చుకున్నాను కాబట్టి నా అనుభవమే చెబుతాను.

రెండు డీఎన్‌ఏ ముక్కలు తీసుకుంటాం. వరుస ఒకటే, ఒకదానికి మిథైల్ ఉంటుంది, రెండో దానికి ఉండదు. రెండింటికీ రేడియోధార్మిక ఫాస్ఫరస్ అంటిస్తాం. కణ కేంద్రకాల నుంచి తీసిన ప్రొటీన్ల రసం రెండింటిలోనూ కలుపుతాం. కనబడిన ప్రతి డీఎన్‌ఏకీ అతుక్కుపోయే ప్రొటీన్లు బోలెడుంటాయి కనుక, అవి అటు మళ్లేలా వేరే డీఎన్‌ఏ ఎక్కువగా పోస్తాం. తర్వాత చల్లటి గదిలో జెల్ మీద కరెంటు పెట్టి నడిపిస్తాం. ఒంటరి డీఎన్‌ఏ వేగంగా కిందికి పోతుంది. ప్రొటీన్ పట్టుకున్న డీఎన్‌ఏ బరువెక్కి పైనే ఆగుతుంది. ఎక్స్‌రే ఫిల్మ్ కడిగితే నల్లటి బ్యాండ్ ఎక్కడుందో చూసి, ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చెప్పొచ్చు.

నేను మొదటిసారి చేసినప్పుడు రెండు లేన్లూ, అంటే జెల్‌లో ఆ రెండు డీఎన్‌ఏలు నడిచిన దారులూ, ఒకేలా వచ్చాయి. పైన ఏమీ లేదు. ప్రొటీన్ చెడిపోయిందనుకుని రెండు వారాలు మళ్లీ మళ్లీ తీశాను. అప్పుడు మా ల్యాబ్‌లో ఒక సీనియర్ అక్క, "నీ డీఎన్‌ఏకి అసలు మిథైల్ ఎక్కిందో లేదో చూశావా?" అని అడిగింది. చూడటానికి సులువైన దారి ఉంది. హెచ్‌పీఏ-2 అని ఒక బ్యాక్టీరియా ఎంజైము, సి-సి-జి-జి వరుస కనబడితే కోస్తుంది. లోపలి సి మీద మిథైల్ ఉంటే కోయలేదు. ఎంఎస్‌పీ-1 అనే దానికి ఆ పట్టింపు లేదు, రెండింటినీ కోస్తుంది. నా 'మిథైల్' డీఎన్‌ఏని హెచ్‌పీఏ-2 శుభ్రంగా ముక్కలు చేసేసింది. అంటే గుర్తే పడలేదు. మిథైల్ ఇచ్చే పదార్థం ఎస్-అడినోసిల్ మిథియోనిన్, ల్యాబ్‌లో సామ్ అంటాం. అది వేడికి తొందరగా పాడవుతుంది. నా ట్యూబ్ ఐస్ మీద కాకుండా బల్ల మీద ఉండిపోయింది. కొత్త ట్యూబ్‌తో చేశాక ఒక లేన్‌లో మాత్రమే, పైన, నల్లగా ఒక బ్యాండ్. ఫిల్మ్ ఇంకా తడిగా ఉంది, డార్క్ రూమ్ ఎర్ర లైటు కింద పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను. రెండు డీఎన్‌ఏల మధ్య తేడా ఒక్కో చోట నాలుగే పరమాణువులు. ఆ నాలుగింటినీ ఒక ప్రొటీన్ పసిగట్టింది, అది నా చేతిలో కనబడుతోంది.

ఈ సామ్ మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. కణంలో సామ్ తిరిగి తయారవ్వాలంటే మిథియోనిన్ కావాలి, వాడేసిన దాన్ని మళ్లీ మిథియోనిన్‌గా మార్చడానికి ఫోలేట్, బి12 అనే విటమిన్లు కావాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందమే 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని, అంటే ఈ ఫోలేట్ విటమిన్‌నే, కృత్రిమంగా తయారు చేసింది. ఆయన పేరు మన పాఠాల్లో వేరే చోట వస్తుంది. మన కథలోనూ ఆయనకి చోటుందని మీరు తెలుసుకోవాలి.

సరే, ఆ జెల్ పద్ధతితోనే 1989లో ఏడ్రియన్ బర్డ్ బృందం మొదటి జాడ పట్టుకుంది. దానికి ఎంఈసీపీ-1 అని పేరు పెట్టారు. అది పట్టుకోవాలంటే డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు గుంపుగా, కనీసం డజను ఉండాలి. 1992లో రెండోది దొరికింది, ఎంఈసీపీ-2. దీనికి ఒక్క చోటు చాలు. రెండు పేటల మీదా మిథైల్ ఉన్న ఒకే ఒక్క సి-జి జత. మరుసటి ఏడాది ఈ ప్రొటీన్‌లో డీఎన్‌ఏని పట్టుకునే భాగమేదో తేల్చారు. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు కదా, ఈ గొలుసులో ఉన్న 486లో 78వది నుంచి 162వది దాకా, ఎనభై అయిదే. తర్వాత అలాంటి భాగమే ఉన్న బంధువులు కూడా దొరికాయి, ఎంబీడీ-1 నుంచి ఎంబీడీ-4 దాకా.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ ఎనభై అయిదు అమైనో ఆమ్లాలు గుర్తుని ఎలా పట్టుకుంటాయి?

మిథైల్ అంటే నూనె చుక్కలాంటిది, నీళ్లంటే పడదు. కాబట్టి ప్రొటీన్‌లో కూడా నూనె గుణమున్న ఒక గుంట ఉండి, అందులో మిథైల్ వెళ్లి కూర్చుంటుందని చాలామంది అనుకున్నారు. నేను కూడా పరీక్షలో అలాగే రాసేదాన్ని. 2008లో ఎంఈసీపీ-2 భాగం డీఎన్‌ఏని పట్టుకుని ఉండగా స్ఫటికం చేసి ఎక్స్-కిరణాలతో చూశారు. అలాంటి గుంట లేదు. మిథైల్ గుంపుల ఎదురుగా ఉన్న ప్రొటీన్ ముఖం చాలావరకు నీటికి ఇష్టమైనదే. పైగా మధ్యలో కొన్ని నీటి అణువులు ఎటూ కదలకుండా కూర్చుని ఉన్నాయి. ప్రొటీన్‌కీ గుర్తుకీ మధ్య నీళ్లే మధ్యవర్తిగా ఉన్నాయన్నమాట. ఈ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు ఆశ్చర్యం తగ్గలేదు. మనం ఖాళీ అనుకునే చోట నీళ్లు పని చేస్తున్నాయి.

ఇక చేతుల సంగతి. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం తెలుసు కదా, పొడవాటి చేయి, చివర చీలిన వేళ్లు, ధనావేశం. ఎంఈసీపీ-2లో 111వ చోట ఒకటి, 133వ చోట ఒకటి ఉన్నాయి. సి-జి వరుసని అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా సి-జినే, కాబట్టి పేటకొక జి ఉంటుంది. ఒక్కో ఆర్జినిన్ ఒక్కో జి ని రెండేసి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటుంది. అలా పట్టుకున్నప్పుడు ఆ చేయి పక్కనే ఉన్న సి మీది మిథైల్‌కి ఒరుసుకుని ఆనుతుంది. చేయి ఊగిపోకుండా 121, 137 చోట్ల ఉన్న ఆమ్ల గుణం గల అమైనో ఆమ్లాలు దాన్ని పట్టి ఉంచుతాయి. గమనించండి, గట్టిగా పట్టుకున్నది మిథైల్‌ని కాదు, పక్కనున్న జి ని. మిథైల్ ఉంటే ఆ పట్టు సరిగ్గా అమరుతుంది, లేకపోతే వదులవుతుంది. తలుపు గడియ వేసినప్పుడు రెక్క సందులో చిన్న చెక్క ముక్క దోపితే గడగడలాడకుండా ఉంటుంది చూడండి, అలా.

133 అనే అంకె గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు ల్యాబ్ వదిలి ఒక ఇంటికి వెళ్దాం.

ఒక ఆడపిల్ల. ఏడాది దాకా అన్నీ మామూలే. పాకింది, నవ్వింది, 'అత్త', 'తాత' అంది, మురుకు ముక్క తానే పట్టుకుని తినేది. ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఎప్పుడో మురుకు చేతిలోంచి జారడం మొదలవుతుంది. వచ్చిన మాటలు పోతాయి. తర్వాత రెండు చేతులూ ఛాతీ దగ్గర పెట్టుకుని, సబ్బుతో కడుక్కుంటున్నట్టు, అదే పనిగా రుద్దుకుంటూ ఉంటుంది. 1954లో వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అనే పిల్లల డాక్టరు తన వెయిటింగ్ రూమ్‌లో తల్లుల ఒళ్లో కూర్చున్న ఇద్దరు పిల్లలు సరిగ్గా ఒకే తీరున చేతులు పిసుక్కోవడం గమనించారు. 1966లో దాని గురించి రాశారు. అదే రెట్ సిండ్రోమ్. సుమారు పదివేల మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది.

1999లో అమెరికాలో హుదా జోగ్బీ ప్రయోగశాల ఈ జబ్బుకి కారణమైన జన్యువుని పట్టుకుంది. అది ఎంఈసీపీ-2. మిథైల్ గుర్తుని పట్టుకునే ప్రొటీన్ ఏదో ఉండాలని ఎవరో జెల్‌లో వెతికితే దొరికిందే ఆ బిడ్డ చేతుల్లో కనబడింది. కొందరు పిల్లల్లో 133వ ఆర్జినిన్ పోయి, దాని చోట పొట్టి సిస్టీన్ వచ్చింది. చేయి మొండిదైపోయింది, జి దాకా అందదు. కొందరిలో 158వ చోట థ్రియొనిన్ మారింది. ఆ చోటు ఈ భాగం మొత్తం మడత విడిపోకుండా పట్టి ఉంచేది.

ఇంకో రకం పిల్లలు నాకు ఇంకా ఎక్కువ నేర్పారు. వాళ్లలో 306వ ఆర్జినిన్ మారింది. అది డీఎన్‌ఏని పట్టుకునే భాగంలోది కాదు. ఆ ప్రొటీన్ గుర్తుని బాగానే పట్టుకుంటుంది. జబ్బు మాత్రం అదే! ఎందుకంటే 306 ఉన్న భాగం ఎన్‌కార్ అనే మరో ప్రొటీన్ గుంపుని పట్టుకోవాలి. జన్యువుని అణిచి ఉంచేది ఆ గుంపు. ఎంఈసీపీ-2 ఒక చేత్తో డీఎన్‌ఏ మీది గుర్తుని, ఇంకో చేత్తో ఎన్‌కార్‌ని పట్టుకోవాలి. ఏ చేయి జారినా ఒకటే. 2017లో ఈ రెండు భాగాలు తప్ప చాలావరకు కత్తిరించేసిన పొట్టి ఎంఈసీపీ-2ని ఎలుకల్లో పెట్టి చూస్తే అవి దాదాపు మామూలుగానే బతికాయి.

ఆ 133 ఎలా మారుతుందో కూడా చెప్పాలి, ఇది నన్ను వదలదు. మిథైల్ ఉన్న సి నుంచి ఒక అమైన్ గుంపు దానంతటదే ఊడిపోతే ఏమవుతుంది? ఇందాక చెప్పాను కదా, అది టి పోలికలో ఉంటుందని. సరిగ్గా టి అయిపోతుంది. కణం దాన్ని టి-జి పొరపాటుగా గుర్తించి సరిచేయాలి. ఎంబీడీ-4 అనే బంధువు పని అదే. దాని కన్ను తప్పించుకున్నది శాశ్వతమైపోతుంది. 133, 158, 306, మూడూ అలా సి-జి లో సి కాస్తా టి అయినవే. గుర్తుని చదివే ప్రొటీన్ జన్యువు ఆ గుర్తు వల్లే దెబ్బతింటోంది.

ఈ గుర్తుని చదివే మిగిలిన ప్రొటీన్లని కొంచెం వేగంగా చూద్దాం. డీఎన్‌ఏ నకలు పడ్డాక పాత పేట మీద మిథైల్ ఉంటుంది, కొత్త పేట మీద ఉండదు. ఈ సగం గుర్తుని పట్టుకునేది యూహెచ్‌ఆర్‌ఎఫ్-1. దీని పద్ధతి పూర్తిగా వేరు. మిథైల్ ఉన్న అక్షరాన్ని కిటికీ రెక్క తెరిచినట్టు పురిలోంచి బయటికి తిప్పి తన జేబులో పెట్టుకుంటుంది. 2008లో మూడు బృందాలు ఒకేసారి ఈ బొమ్మ చూపించాయి. తర్వాత డీఎన్‌ఎంటీ-1 అనే ఎంజైము వచ్చి కొత్త పేట మీద కూడా గుర్తు పెడుతుంది. లివరు కణం విడిపోతే మళ్లీ లివరు కణాలే రావడానికి ఇదొక కారణం.

గుర్తుంటే వెనక్కి తగ్గేవాళ్లూ ఉన్నారు. సీటీసీఎఫ్ అనే ప్రొటీన్ అలాంటిది. మన ఎదుగుదలకి తోడ్పడే ఐజీఎఫ్-2 జన్యువు దగ్గర నాన్న నుంచి వచ్చిన కాపీకి మిథైల్ ఉంటుంది, అక్కడ సీటీసీఎఫ్ కూర్చోలేదు, అందుకే ఆ కాపీ పనిచేస్తుంది. అమ్మ కాపీ మీద అది కూర్చుని అడ్డుపడుతుంది.

మిథైల్ అంటే జన్యువు మూతపడటమే అని మీ పుస్తకాల్లో ఉంటుంది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ అందుకు ఒప్పుకోదు. మన కణంలో అది నిద్రపోతున్నంత కాలం దాని డీఎన్‌ఏ నిండా మిథైల్ ఎక్కుతుంది. నిద్ర లేవడానికి అది జడ్-టీఏ అనే ప్రొటీన్ చేస్తుంది. అది మిథైల్ ఉన్న వరుసల్నే ఎక్కువ ఇష్టంగా పట్టుకుని జన్యువుల్ని తెరుస్తుంది. మామూలుగా టి కోసం వెతికే చోట మిథైల్ సి తగిలితే దానికి సరిపోతుంది. 2017లో మనిషిలోని 542 ప్రొటీన్లని వరుసగా పరీక్షిస్తే, మిథైల్ ఉంటే ఇంకా బాగా పట్టుకునేవి చాలానే తేలాయి.

(ఒక విద్యార్థిని: మేడం, మిథైల్ కణాలన్నిటిలో ఉంటుంది కదా. మరి ఆ పిల్లలకి మెదడులోనే ఎందుకు జబ్బు? అదీ ఏడాది తర్వాత ఎందుకు?)

మంచి ప్రశ్న తల్లీ. రెండు సంగతులున్నాయి. ఒకటి, నాడీకణంలో ఎంఈసీపీ-2 విపరీతంగా ఉంటుంది, ఎలుక మెదడులో లెక్కిస్తే ఒక్కో కేంద్రకంలో కోటీ అరవై లక్షల దాకా వచ్చింది. రెండు, నాడీకణాల్లో పుట్టిన తర్వాత సి-ఎ అనే చోట కూడా మిథైల్ చేరుతుంది, మనుషుల్లో తొలి ఏళ్లలో బాగా పెరుగుతుంది. ఎంఈసీపీ-2 దాన్నీ పట్టుకుంటుంది. సి-జి కాకుండా సి-ఎ ఎలా పట్టుకుంటుంది? ఎ కి ఎదురు పేట మీద ఉండేది టి. టి కి మిథైల్ పుట్టుకతోనే ఉంది. రెండో గుర్తు అక్కడ ముందే సిద్ధంగా ఉందన్నమాట. జబ్బు ఆలస్యంగా బయటపడటానికి ఇది ఒక కారణం కావచ్చని చాలామంది భావిస్తున్నారు.

(మరొక విద్యార్థి: మందు ఉందా మేడం?)

2007లో ఎడిన్‌బరోలో బర్డ్ బృందం ఈ జన్యువు మూసేసిన ఎలుకలకి, జబ్బు బాగా ముదిరాక, జన్యువుని మళ్లీ తెరిచింది. చచ్చిపోబోతున్న ఎలుకలు లేచి తిరిగాయి. ఆ వీడియో మా ల్యాబ్‌లో చూసినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. నాడీకణాలు చచ్చిపోలేదు, ఎదురు చూస్తున్నాయి. 2023 మార్చిలో ట్రోఫినెటైడ్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది, అది కొన్ని లక్షణాల్ని తగ్గిస్తుంది. జన్యువునే అందించే చికిత్స కూడా అదే ఏడాది మనుషుల్లో ప్రయోగ దశకి వచ్చింది. అందులో కష్టమేమిటంటే, ఎంఈసీపీ-2 ఎక్కువైనా జబ్బే. ఈ జన్యువు రెండు కాపీలున్న మగపిల్లలు తీవ్రంగా బాధపడతారు. మెదడులో ప్రతి కణానికీ సరిపడా, మించకుండా అందించాలి. దాని మీదే ఇప్పుడు పని జరుగుతోంది.

టైమ్ అయిపోయిందని ప్రిన్సిపాల్ గారు చూస్తున్నారు. తాడు ఈ బల్ల మీదే ఉంచి వెళ్తున్నాను. ఆవగింజలు రెండు అంటించాను, ఒకటే చూపించాను. వెళ్లేటప్పుడు కళ్లు మూసుకుని రెండోది వేలితో వెతకండి.